భీమిలి యొడ్డున నేడు దినములు

మన గృహములలో విశ్రాంతి యను మాట పురుషులకును, వ్యాధిగ్రస్తులకును మాత్రమే చెల్లుచున్నది. ఇల్లాలు ఇల్లు కదలవలయునన్న నేదో యొక నెపము కావలెను. పెండ్లి, పురుడు, మరణము, తీర్థయాత్ర, ఈ నాలుగింటిలో నొకటి లేనిదే పెట్టె సర్దుట మనకు చేతగాదు. పెండ్లికి పోయినను వంటింటి పెత్తనము తప్పదు. పురుటికి పోయినచో చెప్పనే యక్కఱలేదు. తీర్థయాత్రలో సయితము ఉపవాసములు, వరుసలలో నిలువుకాళ్ళు, ఇరుగుపొరుగులకెల్ల ప్రసాదము మూటగట్టుట, ఇవియే పనులు. ఏ పనియు లేక, ఏ మ్రొక్కును లేక, ఊరక యుండుటకై యొక యూరికి పోయి వచ్చితిమని చెప్పినచో మా రాంనగరు వీధిలో నిప్పటికిని కొందఱు నమ్మకున్నారు. కావున జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము.

ఈ తలంపు మాది కాదు. మా మేనకోడలు చదువు ముగించి యుద్యోగము చేయుచున్న పిల్ల. గత సంవత్సరము ఇద్దఱు స్నేహితురాండ్రతో వీపున సంచి తగిలించుకొని థాయిలాండు దేశమునకు పోయి, క్రాబి మండలమునందలి ఆవోనాంగ్ అను సముద్రతీరపు టూరిలో వారము దినములుండి వచ్చెను. ఈ వీపుసంచి ప్రయాణికులను గుఱించి మన పాఠకురాండ్రలో గొందఱికి దెలియకపోవచ్చును. 1960, 70 ప్రాంతముల ఐరోపా యువజనులు స్వల్పవ్యయముతో టర్కీ, ఇరాను, ఆఫ్గనిస్థానముల మీదుగా నేలదారిని మన దేశమునకును నేపాళమునకును వచ్చుచుండిరి. 1979లో ఇరానునందు విప్లవమును, ఆఫ్గనిస్థానమున యుద్ధమును సంభవింపగా ఆ దారి మూతపడినది. ఆగ్నేయాసియా తీరములు వారికి మఱింత ప్రియములైనవి. పెట్టెలు, కూలీలు, పెద్ద హోటళ్ళు వారి కక్కఱలేదు. ఒక సంచి, చౌకబస, ఎదుట సముద్రము ఉన్న జాలును. నేడు మన యమ్మాయిలును ఆ దారినే పోవుచున్నారు. ఆవోనాంగునకు చేరువనే రైలే అను నిసుకతీర మొకటి కలదట. సున్నపురాతి కొండలు గోడవలె నడ్డమై యుండుటచే నచ్చటికి బండిదారి లేదు. పొడుగాటి తోకపడవలలో గాని పోరాదు. ఇదంతయు మా పిల్ల వర్ణించి వర్ణించి చెప్పినది.

“ఇంతకూ అక్కడ ఏమి చేసినావే?” అని తల్లి, అనగా మా వదినగారు, అడిగిరి.

“ఏమీ చేయలేదమ్మా. పొద్దున లేచి సముద్రం చూసేదాన్ని. ఆకలైతే తినేదాన్ని. నిద్రొస్తే పడుకునేదాన్ని.”

“వారం రోజులూ అంతేనా?”

“అంతే.”

మేము నవ్వితిమి. వదినగారు నవ్వలేదు.

వదినగారిని గుఱించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆమె నల్లగొండ పిల్ల. ఇరువదవ యేట మా యింట కాలుపెట్టినది మొదలు రాంనగరు విడిచి పది దినము లెచ్చటను ఉండి యెఱుగరు. మా తల్లిగారు తమ చివరి యాఱు సంవత్సరములు మంచముననే గడిపిరి. అందు కడపటి రెండేండ్లు ఆమెకు జ్ఞాపకశక్తియు నశించినది. 2024లో ఎనుబదియెనిమిదవ యేట కాలము చేసిరి. ఆ యాఱేండ్ల పరిచర్యయు వదినగారిదే. మేము చిక్కడపల్లిలోనే, నడచిపోదగిన దూరముననే కాపురముంటిమి. మాకు ఉద్యోగ ముండెను. ఆదివార మాదివారము అరడజను బత్తాయిపండ్లు పట్టుకొని పోయి, అమ్మ చేయి పట్టుకొని యొక గంట కూర్చుండి, “వదినా, నీవు లేకున్న ఏమైపోయెడిదో” అని మెచ్చుకొని వచ్చెడివారము. మెచ్చుకొనుట యెంత సులభమైన పనియో ఇప్పుడు తెలియుచున్నది.

అమ్మ పోయిన పిమ్మట వదినగారికి నిద్ర పట్టుట మానినది. రాత్రి మూడు గంటలకు దిగ్గున లేచి కూర్చుండిరా, తెల్లవారువఱకును కన్ను మూతపడదు. వైద్యులు పరీక్షలన్నియు చేయించి వ్యాధి యేమియు లేదనిరి. ఇట్లుండగా నొకనాటి మధ్యాహ్నము ఆమె మా యింటికి వచ్చి, కూర్చుండకుండనే, “పిల్ల సంచీ ఇస్తానన్నది. ఒక వారం భీమిలి పోదామా?” అని యడిగిరి.

భీమిలి, అనగా విశాఖపట్టణమునకు ఈశాన్యముగా సముద్రపుటొడ్డున నున్న భీమునిపట్టణము, మా తల్లిగారి పుట్టినయూరు. అచ్చట మాకు చుట్టములెవ్వరును మిగిలియుండలేదు. ఎందుకని యడుగగా, “అత్తమ్మ ఊరు గదా” అని మాత్రము చెప్పిరి. అంతకుమించి మేమును అడుగలేదు.

సంచి సర్దుట యొక ముచ్చట. వదినగారు మొదట సర్దిన సంచిలో చింతకాయపచ్చడి జాడీ, కారప్పొడి, రెండు దుప్పట్లు, దేవుని పటము, చిన్న కుక్కరు ఉండెను. మేనకోడలు కుక్కరును బయటికి తీసినది. తల్లి మరల లోపల బెట్టెను. ఇట్లు మూడుమాఱులు జరిగిన పిమ్మట కుక్కరు రాంనగరులోనే నిలిచిపోయినది. కడకు మనిషికి నాలుగు నూలుచీరలు, ఒక తువ్వాలు, మందులు, టోపీ, నీళ్ళసీసా, పచ్చడిసీసా, మొత్త మాఱు కిలోల బరువు తేలినది. వీపుసంచికి నడుము పట్టీ కూడ నుండుననియు, దానిని బిగించినచో బరువు భుజములమీద బడక నడుముమీద నిలుచుననియు మాకు తెలియదు. ఏబదియెనిమిదేండ్ల స్త్రీ చీరకట్టుపై ఆ పట్టీ బిగించుకొని మేడమెట్లు దిగుచుండగా వీధివారందఱు చూచిరి. “ఏ పరీక్షకు తయారవుతున్నావమ్మా?” అని యొకరు హాస్యమాడిరి. అశోకనగరు, చిక్కడపల్లి ప్రాంతములలో వీపుసంచులతో దిరుగువారందఱును సర్కారుద్యోగపు పరీక్షలకు జదువుకొను బాలబాలికలే గదా! మా అన్నగారు మాత్రము పాలపొట్లమెప్పుడు వచ్చునో, పొయ్యి యెటు త్రిప్పవలెనో కాగితముపై వ్రాసికొనుచుండిరి.

శనివారము సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్సు నెక్కితిమి. తెల్లవారుసరికి విశాఖ. అచ్చటినుండి సముద్రపు టొడ్డున బోవు బస్సులో భీమిలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రలో 2025 ఆగస్టు నుండియు స్త్రీలకు సర్కారుబస్సులలో టిక్కెట్టు లేదు గాని, ఏ రాష్ట్రపు సౌకర్యము ఆ రాష్ట్రపు స్త్రీలకే. మా హైదరాబాదు కార్డును జూచి కండక్టరు నవ్వి టిక్కెట్టు చింపి యిచ్చెను. కిటికీ ప్రక్కను కూర్చుండి వదినగారు సముద్రమును జూచుచు, చాలసేపటికి, “హుస్సేన్‌సాగర్ లెక్క అవతలి గట్టు కనబడదేమి?” అనిరి. ఆమె సముద్రమును చూచుట అదియే మొదలు.

ఒక పింఛనుదారు దంపతులు తమ మేడమీది గదిని అద్దెకిచ్చిరి. ముందు వసారా, వసారా కెదుట రోడ్డు, రోడ్డున కావల ఇసుక, ఇసుక కావల బంగాళాఖాతము. విశ్రాంతికి ఇంతకంటె నేమి కావలెను? అయినను సోదరీమణులారా, మొదటి రెండు దినములును మాకు విశ్రాంతి యనునది ఎట్లు గైకొనవలెనో తెలియలేదు. గదిలో అడుగుపెట్టిన గంటలోపల వదినగారు కిటికీ తలుపులు తుడిచి, పక్కదుప్పట్లు దులిపి, స్నానపుగది కడిగిరి. ఇంటివారు నొచ్చుకొందురని మేము వారించితిమి. మధ్యాహ్నము చీర లుతికి యారవేసిరి. సాయంకాలమునకు వసారాలో చీపురు పట్టిరి. సెల్‌ఫోనులో మొదటినాడు అయిదుమాఱులు ఇంటితో మాటలాడిరి. పాలు పొంగినవా, తులసికి నీళ్ళు పోసినారా, పనిమనిషి వచ్చినదా? ఒడ్డున కూర్చుండబెట్టితిమా, పది నిమిషములలో లేచి, “ఇంకా ఎంతసేపు?” అని యడుగుదురు. చేతులను ఒడిలో నెట్లు ఉంచుకొనవలెనో ఆమెకు తెలియలేదు. తుదకు బజారులో చిక్కుడుకాయలు కొని తెచ్చి, ఈనెలు తీయుచు సముద్రమును జూచిరి. వండుటకు పొయ్యి లేదు. ఆ కాయలు ఇంటివారి కిచ్చివేసితిమి.

మూడవనాడు ఊరు చూడ బయలుదేరితిమి. ఇది చిన్నయూరే గాని చరిత్ర చిన్నది కాదు. మన పూర్వులు వలందావారని పిలిచిన డచ్చివారు పదునేడవ శతాబ్దమున నిచ్చట వర్తకపు కొట్లు పెట్టిరి. 1825లో ఇంగ్లీషువారి కప్పగించి పోయిరి. వారి సమాధులు నేటికిని సముద్రమునకు దగ్గఱనే యున్నవి. బహుశః ఇచ్చటి యెండకును జ్వరములకును తాళలేక పోయినవారే వీరిలో ననేకులు. 1861లోనే ఇచ్చట పురపాలకసంఘ మేర్పడినది. గోగునారకు ప్రపంచపు మార్కెట్టులో ‘బిమ్లి జనుము’ అని ఈ యూరి పేరే నిలిచినది. ఓడలు ఒడ్డునకు రాజాలవు. లోతున లంగరు వేసికొని నిలిచియుండగా మసులా పడవలు సరకును, జనులను అలలు దాటించి చేర్చెడివి. 1933లో విశాఖపట్టణమున పెద్ద ఓడరేవు తెఱచిన పిమ్మట ఈ రేవు క్రమముగా నిద్రపోయినది. సమీపమున చిట్టివలసలో నున్న గోగునార మిల్లును 2009లో మూతపడినది. ఊరికి నష్టమే. కాని ఆ నిద్రయే నేడు మావంటివారిని ఇచ్చటికి పిలుచుచున్నదనుట సత్యము.

త్రోవలో ఎఱ్ఱమట్టి దిబ్బలు చూచితిమి. సినిమాలలో మీరందఱును చూచియే యుందురు. తొట్లకొండపై మాత్రము ఒక పూటంతయు గడిపితిమి. 1976లో నౌకాదళమువారు ఆ ప్రాంతమును సర్వే చేయుచుండగా బయల్పడిన బౌద్ధారామ మది. వాననీరు నిలువ చేసికొనుటకై రాతిలో తొలిచిన తొట్లుండుటచే ఆ పేరు వచ్చినది. స్తూపముల యడుగులు, భిక్షువుల చిన్నచిన్న గదుల పునాదులు, ఎదుట నంతులేని సముద్రము. రోము నగరపు వెండినాణెములు కూడ నిచ్చట దొరకినవి. బౌద్ధభిక్షువులు వర్షాకాలమున మూడు మాసములు ఎచ్చటికిని పోక యొకచో నిలిచియుండవలెనని నియమము కలదు. దానిని వస్సావాసమందురు. ఇది చెప్పగా వదినగారు, “సంసారం వదిలినోళ్ళకు మూడు నెలలు! సంసారం చేసేదానికి ఏడు రోజులకు ఇంటిల్లిపాదికీ సంజాయిషీ చెప్పాలె!” అనిరి. ఆమె నవ్వగా మేము చాలకాలమునకు వింటిమి.

తెల్లవారుజామున పడవలు తిరిగివచ్చు వేళ ఒడ్డంతయు సంత. జాలరుల పడవలు ఇసుకమీదికి లాగబడగానే వారి స్త్రీలు గంపలతో చుట్టుముట్టుదురు. పురుషుల పని సముద్రముతో నయిపోవును. వేలము పాడుట, మంచు వేయుట, గంప నెత్తిన బెట్టి యూరూరు తిరుగుట, ఎండబెట్టుట, లెక్కచూచుట, ఇదంతయు స్త్రీలదే. వదినగారు ఆదివారము తెల్లవారుజామున రాంనగరు చేపల మార్కెట్టులో బేరమాడి యారితేఱినవారు. కావున వారికి ఇచ్చటి స్త్రీలతో పరిచయము కలుగుట యొక నిమిషపు పని. అందొక వృద్ధురాలు నెత్తళ్ళు ఆరవేయుచు మాతో మాటలాడుచుండెడిది.

“ఏటమ్మా, ఏ పన్నేకండా వొచ్చీసినారా? మొగోళ్ళని ఇంటికాడ ఒగ్గీసి?” అని యామె ప్రశ్న.

“నీకు ఎప్పుడమ్మా విశ్రాంతి?” అని మేమడిగితిమి.

“సంద్రానికి రెండు నెల్లు సెలవిత్తారు గదా, అప్పుడు మాకూ సెలవే. సెలవైతే కడుపు ఊరుకుంటాదేటి?”

ఆమె చెప్పినది వేటనిషేధము సంగతి. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే మన తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదు. ఆ కాలపు భృతిగా ఆంధ్ర ప్రభుత్వము కుటుంబమునకు 2025లో 20,000 రూపాయలిచ్చినది. సముద్రమునకు విశ్రాంతి కావలెనని చట్టము చేసిన మనుష్యులు గంప మోయు నాడుదానికట్టి దొకటి యుండవలెనని తలంపలేదు. వారము దినములు ఊరక కూర్చుండ వచ్చిన మాకు ఆమె యెదుట కొంత సిగ్గు కలిగినమాట నిజము. అయినను ఆమె మమ్ము నిందింపలేదు. పోయివచ్చునపుడెల్ల, “కూకోండమ్మా, కూకోండి” అనియే పలుకుచుండెను.

నాలుగవనాటి రాత్రి సంగతి వ్రాయవలెనా, మానవలెనా యని చాల దినము లాలోచించితిమి. వ్రాయుమని వదినగారే చెప్పిరి.

ఆ రాత్రి మాకు మెలకువ వచ్చి చూడగా ప్రక్కమంచము ఖాళీగా నుండెను. గంట మూడు. వదినగారు వసారాలో కుర్చీపై కూర్చుండి సముద్రమువైపు చూచుచుండిరి. చీకటిలో దూరముగా వేటపడవల దీపములు నాలుగైదు మినుకుమినుకుమనుచుండెను. మేము పోయి ప్రక్కను కూర్చుండితిమి.

“అత్తమ్మ ఈ వేళకే లేచేది,” అని యామె మెల్లగా చెప్పనారంభించిరి. “చివరి రెండేండ్లు రోజూ మూడు గంటలకు. నన్ను వాళ్ళమ్మ అనుకునేది. ‘అమ్మా, ఓడొచ్చిందేటి?’ అని అడిగేది. మొదట్లో నాకు తెలవక, ఓడ లేదు, ఏం లేదు, పండుకో అనేదాన్ని. చిన్నపిల్ల లెక్క ఏడ్చేది, తెల్లారేదాకా. తర్వాత తర్వాత నేర్చుకున్నా. ‘దీపం కనబడుతున్నదమ్మా, తెల్లారేసరికి ఒడ్డుకొస్తది, పండుకో’ అనేదాన్ని. అట్లంటే పండుకునేది.”

మేము నిర్ఘాంతపోయితిమి. ఏ ఓడ యని యడిగితిమి.

“వాళ్ళ నాయన ఎక్కిన ఓడ. రంగం ఓడ.”

ఈ తీరమున రంగమనగా రంగూను. బర్మాదేశపు బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను, పడవలమీదను పనిచేయుటకు గోదావరీ, విశాఖ, శ్రీకాకుళ మండలముల నుండి మనవారు వేలకు వేలు పోయెడివారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్టణములనుండి పొగయోడలు వారిని గొనిపోయెడివి. 1931 జనాభాలెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. 1930 మే మాసమున తెలుగు రేవుకూలీలకును బర్మావారికిని కలిగిన తగవు ఘోరమైన దొమ్మీగా మాఱినది. అయినను పోకలు మానలేదు, ఇచ్చట పని లేకపోవుటచే. 1941 డిసెంబరు 23వ తేదీని జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చి 8వ తేదీని నగరము వారి వశమయ్యెను. లక్షలాది జనులు అరకాను త్రోవను, మణిపురపు కొండల త్రోవను కాలినడకను మరలిరి. త్రోవలో ఆకలిచేతను, విషూచిచేతను పడిపోయినవారి కంతు లేదు. ఏప్రిలు 6వ తేదీని విశాఖపట్టణముపైనే బాంబులు పడెను. ఇదంతయు మేము చదివి యుంటిమి. కాని మా తాతగారు, అమ్మ నాలుగేండ్ల పిల్లగా నుండగా, 1940లో ఈ యొడ్డుననే మసులా పడవ యెక్కి రంగమోడకు పోయిరనియు, ఆ పిదప తిరిగి రాలేదనియు మే మెన్నడును వినలేదు. జ్వరముతో పోయిరని అమ్మ మాతో చెప్పెడిది. యుద్ధానంతరము కూడ ఓడ పొగ కనబడినప్పుడెల్ల అమ్మమ్మ పిల్లను చంకనిడుకొని యొడ్డునకు పరుగిడెడిదట. ఈ సంగతులన్నియు అమ్మ నిద్రకును మెలకువకును నడుమ, ముక్కముక్కలుగా, రెండు సంవత్సరములలో వదినగారితో చెప్పినవి. కన్నకూతుళ్ళము మాకు చెప్పలేదు.

మాకు దుఃఖముతో గూడ కొంత రోషమును కలిగినదని దాచనేల? “ఇంత సంగతి నాతో ఒక్కనాడైనా చెప్పకపోతివేమి వదినా?” అని యడిగితిమి.

వదినగారు సముద్రమువైపే చూచుచు, “చెప్పకూడదని కాదు. నీవు పగటిపూట వచ్చేదానివి. ఆమె రాత్రి అడిగేది,” అనిరి.

ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఉన్న సంగతి చెప్పినట్లే చెప్పిరి. మేము మాఱుమాట లేక కూర్చుండిపోయితిమి. తెల్లవారుచుండగా దీపము లొకటొకటిగా ఒడ్డునకు చేరినవి. పడవలు ఇసుకలోనికి లాగబడినవి. ఆ వృద్ధురాలు గంప పట్టుకొని మా మేడ క్రిందనుండియే పోయినది. వదినగారు, “ఆ ఒడ్డు ఒక్కసారి చూడాలనిపించింది, అంతే” అని లోపలికి పోయి పరుండిరి.

మఱునాడు మూడు గంటలకు మేము ముందుగా లేచి కూర్చుంటిమి. ఆమె కూడ లేచిరి గాని అరగంటలో మరల కన్నుమూసిరి. ఆఱవనాటి రాత్రి ఆమె లేవనేలేదు. ఎండ కిటికీలోనికి వచ్చువఱకు నిద్రించిరి. మూడు గంటలనుండి మేల్కొని, దీపములు లెక్కించుచు కూర్చున్నది మేము. ఆ రాత్రులను గుఱించి యింతకంటె వ్రాయజాలము.

తక్కిన దినములు ఎట్లు గడచినవో చెప్పుటకు వస్తువే లేదు. ప్రొద్దుట ఇసుకమీద నడక, బజారులో పెసరట్టు, మధ్యాహ్నము నిద్ర, సాయంకాలము గోస్తనీనది సముద్రమున గలియుచోట కూర్చుండుట. ఆ నది అనంతగిరి కొండలలో బుట్టి బొఱ్ఱాగుహలను దొలిచికొని వచ్చుచున్నది. చిక్కుడుకాయల ప్రసక్తి మరల రాలేదు. ఫోను రోజున కొక్కమాఱే మ్రోగినది, అదియు అన్నగారు చేసినదే. ఉప్పుడబ్బా ఎచ్చట నున్నదని ప్రశ్న.

పోదలచిన సోదరీమణులకు రెండు మూడు మాటలు. మార్గశిరము మొదలు మాఘము వఱకు తీరమున గాలి హాయిగా నుండును. వేసవిలో ఉక్కకు తాళలేరు. సముద్రమున మోకాలి లోతునకు మించి దిగరాదు. ఇచ్చటి అలలు వెనుకకు లాగునపుడు కాలిక్రింది యిసుకయే జాఱిపోవును. నది గలియుచోట నది మఱింత ప్రమాదము. జాలరుల నడుగక దిగవద్దు. ఒడ్డున స్త్రీలకు మఱుగుదొడ్లు చాలవు, ఉన్నవియు శుభ్రముగా లేవు. ఈ లోపము నధికారులు చూడవలసినది. బసకును, తిండికిని, రైలు బస్సులకును కలిపి మా యిద్దఱికిని పదునాలుగువేల రూపాయలైనది. పెండ్లికి పెట్టు పట్టుచీర ఖరీదులో నిది యెంత యని మీరే లెక్క వేసికొనుడు. పచ్చడిసీసాను తెఱువనేలేదు.

శనివారము ప్రొద్దుట సెలవు గైకొనబోగా ఆ వృద్ధురాలు ఎండునెత్తళ్ళ పొట్లమొకటి వదినగారి సంచిలో దోపి, డబ్బు పుచ్చుకొననన్నది. రైలులో ఆ వాసనకు ఎదుటి బల్లవారు ముక్కులు మూసికొనిరి. మేము కిటికీవైపు తిరిగి నిద్ర నటించితిమి. వదినగారు నటింపలేదు, నిజముగనే నిద్రించిరి. సామర్లకోట, రాజమహేంద్రవరము, గోదావరి వంతెన, ఏవియు ఆమె చూడలేదు.

ఆదివారము తెల్లవారుజామున సికింద్రాబాదులో దిగి ఆటో మాటలాడుకొంటిమి. ముషీరాబాదు దాటగానే వదినగారు, “చేపల మార్కెటు దిక్కు పోనీ” అని వానితో చెప్పిరి. వీపుసంచులతోనే దిగి మంచు నీళ్ళలో నడచితిమి. ఎఱిగిన దుకాణపువాడు సంచి చూచి, “ఎక్కడికి పోయినవమ్మా?” అని యడుగగా, “మా అత్తమ్మ ఊరికి” అని చెప్పిరి. కవ్వళ్ళు రెండు కిలోలు కొంటిమి. ఇంటికి పోయి సంచి దింపినంతనే వదినగారు వంటింటివైపు నడువబోయిరి. మేము అడ్డముగా నిలిచి, చీరకొంగు దోపుకొని, చింతపండు నానవేసితిమి. కారమెంత, మెంతిపిండి యెప్పుడు అని అడిగి అడిగి, ఆమె కుర్చీలో గూర్చుండి చెప్పుచుండగా ఆ పూట పులుసు మేమే కాచితిమి. ఉప్పు కొంచె మెక్కువైనది. అన్నగారు ఏమియు అనక రెండుమాఱులు వడ్డించుకొనిరి.